రాకడకు తేదీ వేసిన రైతు

1844 అక్టోబరు 22, మంగళవారం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో లో హాంప్టన్ అనే పల్లె. అక్కడ తన ఇంట్లో విలియం మిల్లర్ అనే అరవై రెండేళ్ల రైతు ప్రభువు కోసం ఎదురుచూస్తున్నాడు. విశ్వాసులమైన మనమంతా ఎదురుచూస్తున్నవాళ్లమే, అందులో వింత లేదు. కాని ఆయన ఎదురుచూసింది ఆ రోజే రాబోయే ప్రభువు కోసం. ఆయన బోధ విన్న వేలాదిమంది కూడా అదే రోజు కోసం సిద్ధపడ్డారు. కొందరు పండిన బంగాళాదుంపలను తవ్వకుండా పొలంలోనే వదిలేశారు. కొందరు దుకాణాలు మూశారు. పాత బాకీలు తీర్చారు. ఏళ్ల తరబడి మాటల్లేని ఇరుగుపొరుగు దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగారు. సాయంత్రమైంది. అర్ధరాత్రి దాటింది. మరునాడు ఎప్పటిలాగే తెల్లవారింది.

సంఘ చరిత్రలో ఆ దినానికి మహా నిరాశ అనే పేరు స్థిరపడిపోయింది. ప్రవచనాల గురించి ప్రసంగించేటప్పుడు మనం సాధారణంగా నెరవేరినవాటినే వరుసగా చెప్పుకుంటాం. బేత్లెహేము, ముప్పై వెండి నాణేలు, యెరూషలేము నాశనం. ఈ వారం నెరవేరని ఒక లెక్కను గురించి, ఆ లెక్క వేసిన మనిషిని గురించి చెప్పుకుందాం. మిల్లర్ మోసగాడు కాదు. డబ్బు కోసం బోధించినవాడు కాదు. బైబిలును మనలో చాలామంది కన్నా శ్రద్ధగా చదివినవాడు. అటువంటివాడు ఎక్కడ పొరబడ్డాడన్నది సేవకులమైన మేము తరచుగా తలపోసే సంగతి.

ఆయన 1782 ఫిబ్రవరి 15న మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు. పదహారు మంది పిల్లల్లో పెద్దవాడు. నాలుగేళ్ల వయసులో కుటుంబం లో హాంప్టన్‌కు తరలివచ్చింది. తల్లి భక్తిపరురాలు, ఆమె తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఇంట్లో పుస్తకాలు తక్కువ, చదువు మీద ఆశ ఎక్కువ. అందరూ నిద్రపోయాక పొయ్యి వెలుగులో కూర్చుని చదువుకునేవాడట. 1803లో లూసీ స్మిత్‌ను పెళ్లి చేసుకుని పక్కనున్న వెర్మాంట్ రాష్ట్రంలోని పౌల్ట్‌నీలో కాపురం పెట్టాడు. అక్కడి గ్రంథాలయంలో వోల్టేర్, హ్యూమ్, థామస్ పెయిన్ వంటివారి రచనలు ఆయన చేతికొచ్చాయి. వాటితో చిన్ననాటి విశ్వాసం కరిగిపోయింది. దేవుడు ఉన్నాడు గాని, లోకాన్ని గడియారంలా తయారుచేసి వదిలేశాడనీ, మనుషులతో మాట్లాడడనీ, ప్రవచనాలూ అద్భుతాలూ కల్పితాలనీ నమ్మే వర్గంలో చేరాడు. తాతగారు, బాబాయి ప్రార్థన చేసే తీరును అనుకరించి స్నేహితులను నవ్వించేవాడు. అది తెలిసి తల్లి ఎంతో దుఃఖపడేది.

తరువాత యుద్ధం వచ్చింది. బ్రిటన్‌తో 1812లో మొదలైన పోరులో మిల్లర్ సైన్యంలో కెప్టెన్. 1814 సెప్టెంబరు 11న ప్లాట్స్‌బర్గ్ దగ్గర తమకంటే ఎన్నో రెట్లున్న బ్రిటిష్ సేనను అమెరికన్లు ఎదుర్కొన్నారు. ఆయనకు రెండడుగుల దూరంలో ఒక గుండు పేలింది. ఆయన మనుషుల్లో ఒకడు చనిపోయాడు, ముగ్గురు గాయపడ్డారు. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు. ఓడిపోతామనుకున్న యుద్ధంలో గెలిచారు. మనుషులను పట్టించుకోని దేవుణ్ని నమ్మిన మనిషికి ఈ రెండు సంగతులూ కొరుకుడుపడలేదు.

యుద్ధం ముగిశాక లో హాంప్టన్‌కు తిరిగొచ్చాడు. తల్లి మనసు కష్టపెట్టడం ఇష్టం లేక గుడికి వెళ్లేవాడు గాని, పాస్టరు లేని ఆదివారాల్లో మానేసేవాడు. ఆ రోజుల్లో డీకన్లు అచ్చు ప్రసంగాలను చదివి వినిపించేవారు. వాళ్లు చదివే తీరు బాగాలేదని ఈయన సాకు. అయితే నువ్వే చదువు నాయనా అని ఆ పని ఆయనకే అప్పగించారు. అవిశ్వాసి చేత ప్రసంగం చదివించిన ఆ డీకన్ల ధైర్యం మాకు నచ్చుతుంది. 1816 సెప్టెంబరులో ఒక ఆదివారం, తల్లిదండ్రుల బాధ్యతల మీద రాసిన ప్రసంగం చదువుతుండగా మిల్లర్ గొంతు పూడుకుపోయింది. ముందుకు సాగలేక కూర్చుండిపోయాడు. పాపుల కోసం ప్రాణం పెట్టిన రక్షకుడు నిజంగా ఉంటే ఎంత బాగుండునన్న తలంపుతో మొదలై, ఆయన ఉన్నాడన్న నిశ్చయతకు వచ్చాడు.

పాత స్నేహితులు ఊరుకుంటారా? బైబిలులో పరస్పర విరుద్ధాలున్నాయి కదా, వాటికేం చెబుతావని నిలదీశారు. ఒకప్పుడు ఆయన వేసిన ప్రశ్నలే అవి. కొంత సమయమివ్వండి, జవాబు వెదుకుతానన్నాడు. వ్యాఖ్యానాలన్నీ పక్కనబెట్టి, బైబిలు, క్రూడెన్ తయారుచేసిన పద సూచిక, ఈ రెండే ముందుంచుకుని ఆదికాండం మొదటి వచనం నుంచి ప్రారంభించాడు. ఒక వచనం అర్థమైతేనే తరువాతి వచనానికి వెళ్లేవాడు. అర్థం కాకపోతే ఆ మాట బైబిలులో ఇంకెక్కడెక్కడ ఉందో వెదికేవాడు. ఈ పని రెండేళ్లు పట్టింది. 1818లో ముగించేసరికి ఆయన దృష్టి దానియేలు గ్రంథంలోని ఒక వచనం మీద నిలిచిపోయింది.

దానియేలు 8:14లో రెండువేల మూడువందల దినాల తరువాత పరిశుద్ధ స్థలం పవిత్రపరచబడుతుందని ఉంది. ప్రవచనంలో దినమంటే సంవత్సరమని (సంఖ్యా. 14:34, యెహె. 4:6) అప్పటి ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతల్లో చాలామంది లెక్కించేవారు, అది మిల్లర్ కొత్తగా కనిపెట్టింది కాదు. ఎజ్రా 7వ అధ్యాయంలోని అర్తహషస్త రాజు ఆజ్ఞను ప్రారంభంగా తీసుకున్నాడు. అది క్రీ.పూ. 457. అదే సంవత్సరం నుంచి దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బై వారాలను, అంటే 490 ఏళ్లను లెక్కపెడితే క్రీ.శ. 33 వస్తుంది. అది ఆయన లెక్కలో ప్రభువు సిలువ మరణం. ఒక లెక్క అంత చక్కగా కుదిరాక రెండోది మాత్రం ఎందుకు కుదరదు? రెండువేల మూడువందల్లోంచి 457 తీసేస్తే 1843. పరిశుద్ధ స్థలమంటే ఈ భూమి, దాన్ని పవిత్రపరచడమంటే రాకడ సమయంలో అగ్నితో శుద్ధిచేయడం అని అర్థం చెప్పుకున్నాడు. అంటే ఇంకా పాతికేళ్లే!

ఇక్కడ ఒక మాట. ఆ వచనం నెరవేర్పును చాలామంది వ్యాఖ్యాతలు అంతియొకస్ ఎపిఫనేస్ రాజు కాలంలో చూస్తారు. మేము సెమినరీలో చదువుకున్నదీ అదే. ఆ రాజు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేస్తే, క్రీ.పూ. 164లో మక్కబీయులు దాన్ని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించారు. దాని జ్ఞాపకార్థమే ప్రతిష్ఠిత పండుగ. శీతాకాలంలో ఆ పండుగ జరుగుతుండగా యేసుప్రభువు సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడని యోహాను సువార్త పదో అధ్యాయంలో చదువుతాం. ఈ వ్యాఖ్యానమే సరైనదైతే, మిల్లర్ 1844లో ఎదురుచూసిన ప్రవచనం ఆయనకు రెండువేల ఏళ్ల ముందే నెరవేరిపోయింది. దాని పండుగకు ప్రభువే స్వయంగా వెళ్లాడు. వ్యాఖ్యానాలన్నీ పక్కనబెట్టడంలో ఉన్న చిక్కు ఇదే. వాక్యాన్ని సొంతంగా పరిశోధించడం గొప్ప సంగతి, కాని మనకంటే ముందు చదివినవాళ్లు కూడా పరిశుద్ధాత్మ సహాయంతోనే చదివారు.

ఆయనను గౌరవించదగ్గ సంగతి మరొకటుంది. ఇంత పెద్ద సంగతి తెలిసిందనుకున్న మనిషి వెంటనే మైకు పట్టుకోలేదు. (అప్పుడు మైకులు లేవనుకోండి.) తన లెక్కకు ఎవరేమి అభ్యంతరం చెప్పగలరో తానే ఊహించి, ఒక్కొక్కదానికీ జవాబు వెదకడంలో ఇంకో అయిదేళ్లు గడిపాడు. అయినా బోధించలేదు. నేను రైతును, మాట చేతకానివాణ్ని అని వెనుకంజవేశాడు. లోకానికి చెప్పకపోతే వాళ్ల రక్తానికి నువ్వు ఉత్తరవాదివన్న తలంపు మాత్రం ఆయనను వదల్లేదు. చివరికి 1831 ఆగస్టులో ఒక శనివారం ఉదయం, ఎవరైనా పిలిస్తే వెళతానని దేవునితో ఒడంబడిక చేసుకున్నాడు. ఎవరూ పిలవరన్నది ఆయన ధీమా. అరగంట గడవకముందే పాతిక కిలోమీటర్ల దూరంలోని డ్రెస్డెన్ నుంచి మేనల్లుడు వచ్చి, రేపు మా ఊళ్లో మాట్లాడాలని పిలిచాడు. మిల్లర్ ఒక్కమాట కూడా పలకకుండా పెరటి వెనకున్న మేపుల్ చెట్ల తోపులోకి వెళ్లి, నన్ను విడిచిపెట్టమని దేవునితో పెనుగులాడాడు. చివరికి లోబడి వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది.

ఆ తరువాత పిలుపులు ఆగలేదు. 1833లో బాప్టిస్టు సంఘం ఆయనకు బోధించే అనుమతి ఇచ్చింది. 1834 నుంచి 1839 మధ్య సుమారు 800 ప్రసంగాలు చేసినట్టు తానే లెక్క రాసుకున్నాడు. ఖర్చులు చాలామటుకు సొంతవే. వెళ్లిన ప్రతిచోటా ఉజ్జీవం వచ్చేది, తాగుబోతులు మారేవారు, సంఘాలు నిండేవి. అందుకే బాప్టిస్టులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు తేడా లేకుండా ఆయనను పిలిచేవారు. 1839లో బోస్టన్ పాస్టరు జాషువా హైమ్స్ ఆయనకు తోడయ్యాక పల్లెబోధ కాస్తా పెద్ద ఉద్యమమైంది. పత్రికలు, మృగాల బొమ్మలతో ప్రవచన పటాలు, వేలమంది పట్టే గుడారం. 1843 తొలి నెలల్లో పట్టపగలే కనిపించేంత పెద్ద తోకచుక్క వచ్చింది. ఇక చెప్పాలా! ఉద్యమంలో చేరినవాళ్లు యాభై వేల నుంచి లక్ష వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా.

తేదీ చెప్పమని అందరూ ఒత్తిడి చేస్తే మిల్లర్ మొదట ఒక సంవత్సరమే చెప్పాడు. 1843 మార్చి 21 నుంచి 1844 మార్చి 21 లోపు అని. అది దాటిపోయింది. పొరబాటు జరిగిందని ఒప్పుకున్నాడు. వెదికితే ఒక తప్పు దొరికింది కూడా. క్రీ.పూ. 1 తరువాత వెంటనే క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి 2300 పూర్తయ్యేది 1843లో కాదు, 1844లో. ఆ ఆగస్టులో శామ్యూల్ స్నో అనే బోధకుడు ఒక గుడారపు సభలో ఇంకో అడుగు ముందుకేశాడు. ఇశ్రాయేలీయుల ప్రాయశ్చిత్తార్థ దినం ఏడవ నెల పదవ రోజు, ఆ సంవత్సరం అది అక్టోబరు 22 అని ప్రకటించాడు. జనం ఆ మాటను అగ్గిలా అందుకున్నారు. మిల్లర్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఒక్క రోజును పట్టి చెప్పడానికి ఆయన మనసు ఒప్పలేదు. అక్టోబరు 6న, అంటే ఇంకా పదహారు రోజులుందనగా, అంతమంది భక్తిని, పశ్చాత్తాపాన్ని చూసి ఇది దేవుని కార్యమేనని లొంగిపోయాడు. ఆయన జీవితంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఈ పదహారు రోజులే. గురువు శిష్యులను నడిపించడం మానేసి, శిష్యుల ఉత్సాహం గురువును నడిపించింది.

మరునాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఇంకా పైకి పోలేదా అని వీధిలో పిల్లలు సైతం ఎగతాళి చేశారు. కొన్నిచోట్ల అల్లరిమూకలు సభాస్థలాల మీద పడ్డాయి. విశ్వాసులు తెల్లని అంగీలు తొడుక్కుని ఇళ్లకప్పులెక్కి కూర్చున్నారన్న కథలు ఇప్పటికీ చెబుతారు గాని, వాటికి గట్టి ఆధారాలు దొరకలేదు. పంట వదులుకున్నవాళ్లకు ఆ చలికాలం తిండి ఎలాగన్నది మాత్రం కథ కాదు. హైమ్స్ ఊరూరా చందాలు పోగుచేసి అలాంటి కుటుంబాలను ఆదుకున్నాడు.

1999 డిసెంబరులో మాకు ఇటువంటిదే ఒక చిన్న అనుభవం ఎదురైంది. అప్పుడు మేము ఒక పల్లె పాస్టరేటులో కొత్తగా సేవలో ఉన్నాం. 2000తో లోకం ముగుస్తుందన్న కరపత్రాలు అంతటా తిరుగుతున్నాయి. ఒక పెద్దాయన వచ్చి, అయ్యగారూ, ఫిబ్రవరిలో అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం, ముహూర్తం మాట అటుంచి అసలు ఫిబ్రవరి వస్తుందా రాదా అని అడిగాడు. నవ్వులాటకు కాదు, కళ్లలో భయం కనిపించింది. ఆయన భయం ప్రభువు వస్తాడని కాదు, అడ్వాన్సు ఇచ్చిన షామియానా డబ్బు పోతుందని కూడా కాదు. వస్తాడని చెబితే సంతోషించాల్సింది పోయి తనకెందుకు దిగులేస్తోందని. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ తరువాత 2011 మే 21 అని అమెరికాలో ఒక రేడియో బోధకుడు ప్రకటించినప్పుడు, 2012 అని టీవీల్లో ఊదరగొట్టినప్పుడు, ఆ పెద్దాయన ముఖమే గుర్తొచ్చింది.

దానియేలు గ్రంథంలోనే దీనికి ఒక దృశ్యం ఉంది. మిల్లర్ ఎన్నోసార్లు చదివిన తొమ్మిదో అధ్యాయమే. యిర్మీయా ప్రవచించిన డెబ్బై ఏళ్లు ముగియవచ్చాయని దానియేలు గ్రంథాలు చదివి గ్రహించాడు. సంవత్సరాలు లెక్కపెట్టడం తప్పయితే దానియేలూ తప్పుచేసినట్టే. కాని లెక్క తేలాక ఆయనేం చేశాడు? పటం గీయలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, ఉపవాసముండి తన పాపాన్నీ తన జనం పాపాన్నీ ఒప్పుకున్నాడు. హేరోదు కొలువులో ఇంకో రకం మనుషులున్నారు. మెస్సీయ ఎక్కడ పుడతాడని రాజు అడిగితే మీకా ప్రవచనం చూపించి బేత్లెహేమని తడుముకోకుండా చెప్పారు. జవాబు నూటికి నూరుపాళ్లు సరైనది. బేత్లెహేము పది కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఒక్కరూ వెళ్లినట్టు మత్తయి రాయలేదు. తేదీ తప్పినా ప్రభువును చూడాలని తపించిన మిల్లర్‌కూ, ఊరు సరిగ్గా చెప్పి ఇంట్లో కూర్చున్న ఆ శాస్త్రులకూ మధ్య ఎంచుకోమంటే మేము మిల్లర్ పక్కనే నిలబడతాం.

ఆయన దోషాన్ని కూడా దాచకూడదు. అక్టోబరు 22 దాటాక కొందరు ఒక కొత్త మాట ఎత్తుకున్నారు. తేదీ సరైనదే, ఆ రోజున రక్షణ ద్వారం మూసుకుపోయింది, ఇక లోకానికి కృపాకాలం లేదు అని. కొన్ని నెలలపాటు మిల్లర్ కూడా ఇదే నమ్మాడు. 1845లో ఆ అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు.

ఇది చదివినప్పుడు మన తెలుగు నేల గుర్తుకు రాక మానదు. మిల్లర్ లెక్కలు బోధిస్తున్న కాలంలోనే, ఆయన సభ్యుడిగా ఉన్న ఆ అమెరికన్ బాప్టిస్టులే 1836లో తెలుగువారి కోసం మిషను ప్రారంభించారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా పంట ఎంత తక్కువంటే, ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1844లో ఆ ద్వారం మూసుకుపోయి ఉంటే? 1876లో మొదలైన భయంకరమైన కరవు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జాన్ ఎవరెట్ క్లౌ పర్యవేక్షణలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతులుగా ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి చివర పేటల్లో, ఎవరూ లెక్కలోకి తీసుకోని మనుషులు. ప్రభువు సహనాన్ని ఆలస్యమనుకోవద్దని పేతురు రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయాన్ని ఆ 2,222 మందిని తలచుకుంటూ చదివితే వేరే విధంగా వినబడుతుంది. వాళ్ల మునిమనవలు ఈ రోజు ఈ పేజీ చదువుతూ ఉండొచ్చు.

1845 జనవరిలో లో హాంప్టన్ బాప్టిస్టు సంఘం మిల్లర్‌ను వెలివేసింది. తాను ఏ గుడిలో ప్రసంగం చదువుతూ ఏడ్చాడో ఆ గుడే. ఆ సంవత్సరమే ఆయన తన కథను ఒక చిన్న పుస్తకంగా రాసి, తేదీ విషయంలో పొరబడ్డానని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. కొత్త తేదీ వేయలేదు. ఇతరులు వేస్తే ఆసరా ఇవ్వలేదు. ప్రభువు వస్తాడన్న నమ్మకం మాత్రం వదల్లేదు. ఆ నిరాశలోంచి అనేక అడ్వెంటిస్టు సంఘాలు పుట్టాయి. వాటిలో 1863లో ఏర్పడిన సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఈ రోజు తెలుగునాట కూడా ఉంది. అక్టోబరు 22న జరిగింది పరలోక పరిశుద్ధ స్థలానికి సంబంధించినదని వాళ్ల అవగాహన. మిల్లర్ దాన్ని అంగీకరించలేదు, వాళ్లలో చేరనూ లేదు.

1848లో తన ఇంటి దగ్గరే ఒక చిన్న ప్రార్థనాలయం నిలబెట్టాడు. అది ఇప్పటికీ ఉంది. అప్పటికే కంటిచూపు మసకబారింది. ప్రతి వచనాన్ని వేలితో వెంబడిస్తూ చదివిన మనిషికి ఇతరులు చదివి వినిపించాల్సి వచ్చింది. 1849 డిసెంబరులో పరిస్థితి విషమించిందని తెలిసి హైమ్స్ బోస్టన్ నుంచి వచ్చాడు. ఆయన గొంతు వినగానే మిల్లర్ గుర్తుపట్టాడు. డిసెంబరు 20న కన్నుమూశాడు. నిర్ణయకాలంలో అంతం వస్తుందన్న దానియేలు 8:19లోని మాటను ఆయన సమాధి రాయి మీద చెక్కించారు.